పల్చటి పౌచ్ కొనే ముందు: వైజాగ్‌వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సన్నగా ఉందని డెబ్బై ఎనభై వేలు పోసి ఫోన్ కొంటాం, షాపు మెట్లు దిగేలోపే దాన్ని లావు చేసే పౌచ్ తొడిగించేసుకుంటాం. ఆ పని ఇష్టం లేనివాళ్ల కోసం ఈ పేజీ. షాపులో అడిగితే సగమే చెప్పే సంగతులు, ఆన్‌లైన్‌లో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉండే సంగతులు, మన ఊరి ఎండకీ ఉప్పుగాలికీ ఇసుకకీ సంబంధించినవి అన్నీ కలిపి రాశాను. ముందే ఒక మాట చెప్పేస్తే మంచిది. పల్చటి పౌచ్ గీతల నుంచి కాపాడుతుంది. కింద పడితే కాపాడుతుందా లేదా అన్నది మాత్రం వెనక మందం మీద కాదు, అంచుల మీద, మూలల మీద ఆధారపడి ఉంటుంది. కింద ఏ ప్రశ్న చదివినా దాదాపు అక్కడికే వస్తాం.

అసలు ఎంత మందం ఉంటే అల్ట్రా థిన్ అంటారు?

రూల్ అంటూ ఏమీ లేదు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు బాక్స్ మీద వేసుకుంటారు. మార్కెట్లో దొరికేవి చూస్తే 0.35 మి.మీ. దగ్గర పీపీ, అంటే పాలీప్రొపిలీన్ పౌచ్‌లు మొదలవుతాయి. ఎ4 కాగితం మందం 0.1 మి.మీ. ఉంటుంది కాబట్టి మూడు నాలుగు కాగితాలు పేర్చినంత అన్నమాట. ఆ పైన 0.6 నుంచి 1 మి.మీ. మధ్యలో అరామిడ్ ఫైబర్‌వి (కెవ్లార్ జాతి గట్టి పోగుతో చేసినవి), 0.8 నుంచి 1.2 మధ్యలో పల్చటి టీపీయూవి వస్తాయి (షాపులో సిలికాన్ అని ఇచ్చే మెత్తటి ట్రాన్స్‌పరెంట్ పౌచ్ చాలావరకు టీపీయూనే). రోజూ చూసే మామూలు పౌచ్‌లు ఒకటిన్నర, రెండు మి.మీ. ఉంటాయి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. బాక్స్ మీద వేసే అంకె సాధారణంగా పౌచ్ వెనక భాగం మందం, అదీ అన్నిటికంటే పల్చగా ఉన్నచోట. పక్క అంచులు, కెమెరా చుట్టూ ఉండే గట్టు అంతకు రెండు మూడు రెట్లు ఉండొచ్చు. అందుకని అంకె చూసి మురిసిపోకుండా, కుదిరితే ఫోన్‌కి తొడిగి చేత్తో పట్టుకుని చూడండి. ఐఫోన్ 16 మందం 7.8 మి.మీ., గెలాక్సీ ఎస్25 మందం 7.2, 2025లో వచ్చిన గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ 5.8, ఐఫోన్ ఎయిర్ 5.6. ఇందులో కెమెరా బుడిపె కలపరు. ఐదున్నర మి.మీ. ఫోన్‌కి వెనక రెండు మి.మీ. పౌచ్ వేస్తే కొన్న సన్నదనం అక్కడికక్కడే పోయినట్టే కదా.

పల్చటి పౌచ్ వేసిన ఫోన్ చేయి జారితే బతుకుతుందా?

ఎలా పడింది, ఎక్కడ పడింది అన్నదాన్ని బట్టి. కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి. మీటరు ఎత్తు నుంచి జారిన ఫోన్ నేలను తాకేసరికి గంటకు దాదాపు 16 కి.మీ. వేగం మీద ఉంటుంది. ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్నదే అసలు విషయం. మెత్తటి మూల ఒక మి.మీ. నొక్కుకుపోతూ ఆపితే ఒక స్థాయి దెబ్బ, అదే 0.3 మి.మీ.లోనే ఆపాల్సి వస్తే మూడు రెట్లకు పైగా దెబ్బ. ఈ లెక్కలో పౌచ్ ఎంత ఖరీదు పెట్టి కొన్నారన్నది ఎక్కడా రాదు. గట్టి పీపీ షెల్ అయితే ఆ కాస్త కూడా సరిగా నొక్కుకోదు, దెబ్బంతా లోపలికే పంపేస్తుంది.

ఫోన్లు ఎక్కువగా మూల మీదే పడతాయి. చాలా అల్ట్రా థిన్ షెల్స్‌లో పైనా కిందా అంచు తెరిచే ఉంటుంది, కొన్నిట్లో మూలలు కూడా బయటికే కనిపిస్తాయి. కొనేటప్పుడు నాలుగు మూలలూ మూసి ఉన్నాయా, స్క్రీన్ చుట్టూ చిన్న గట్టు పైకి లేచి ఉందా అని చూడండి. ఈ రెండూ ఉంటే వెనక 0.8 ఉన్నా ఫర్వాలేదు. ఈ రెండూ లేకపోతే వెనక 2 మి.మీ. ఉన్నా దండగ.

స్క్రీన్ బోర్లా వెళ్లి కంకర రాయి మీద పడితే మాత్రం పల్చటిదైనా మందందైనా ఏ పౌచూ ఏమీ చేయలేదు, రాయి నేరుగా గ్లాస్‌నే తాకుతుంది. ఇంట్లో మార్బుల్, ఆఫీసులో టైల్స్, బస్టాప్‌లో సిమెంటు రోడ్డు, వీటిలో ఏదీ ఫోన్‌కి చుట్టం కాదు.

మిలిటరీ గ్రేడ్ అని రాసి ఉంది, నమ్మొచ్చా?

సగం నమ్మండి. ఆ మాట వెనక ఉండే ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. అందులో డ్రాప్ టెస్టుకి 122 సెం.మీ. ఎత్తు నుంచి 26 సార్లు వేర్వేరు కోణాల్లో పడేస్తారు, అదీ కాంక్రీటు మీద పరిచిన రెండంగుళాల ప్లైవుడ్ మీద. మన గాజువాక రోడ్డు మీద ప్లైవుడ్ ఎవరూ పరచరు. పైగా పౌచ్‌లకి ఈ సర్టిఫికెట్ ఇచ్చే సర్కారీ ఆఫీసు ఏదీ లేదు, కంపెనీలే టెస్ట్ చేసుకుని లేదా ప్రైవేట్ ల్యాబ్‌లో చేయించుకుని అచ్చేసుకుంటాయి. ఎన్ని అడుగుల నుంచి, ఏ నేల మీద టెస్ట్ చేశామో రాసిన కంపెనీ కొంత నయం. 0.4 మి.మీ. పౌచ్ మీద మిలిటరీ గ్రేడ్ అని కనిపిస్తే మాత్రం నవ్వుకుని పక్కన పెట్టేయండి.

పీపీ, టీపీయూ, అరామిడ్, పాలీకార్బొనేట్... ఏది తీసుకోవాలి?

పీపీ అన్నిటికంటే పల్చన, తేలిక, ధర కూడా తక్కువ. వెనక గీతలు పడకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లకి సరిపోతుంది. దాని గోల ఏంటంటే తీసి తొడిగే కొద్దీ మూలల్లో తెల్లటి గీతలొచ్చి చీలుతుంది.

టీపీయూ మెత్తన, వంగుతుంది, దెబ్బని కొంత పీల్చుకుంటుంది. వైజాగ్‌లో బైక్ మీదా ఆటోల్లోనూ తిరిగే మనిషికి 1 మి.మీ. టీపీయూ, మూలల దగ్గర కాస్త మందం ఉన్నది, ఇదే నా ఓటు. చూడ్డానికి గొప్పగా ఉండదు, పనిచేస్తుంది.

పాలీకార్బొనేట్ గట్టి ప్లాస్టిక్. ఆకారం చెడదు, పసుపెక్కడం తక్కువ, కానీ జారుతుంది. వెనక పాలీకార్బొనేట్, చుట్టూ టీపీయూ అంచు కలిపి చేసినవి ఉంటాయి, వాటిలో మంచివి పల్చగానే ఉంటూ పట్టు కూడా ఇస్తాయి.

అరామిడ్ గురించి షాపుల్లో బుల్లెట్‌ప్రూఫ్ కథ చెప్తారు. కథ పూర్తిగా అబద్ధం కాదు. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన కెవ్లార్ ఈ జాతి పోగే, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడతారు. అయితే జాకెట్లో ఆ గుడ్డ పొరలు పొరలుగా బోలెడు ఉంటుంది, మీ పౌచ్‌లో ఉన్నది జిగురు పట్టించిన పల్చటి పొర. అది చిరగదు, గీతలు పడవు, ఏళ్ల తరబడి కొత్తగానే ఉంటుంది, చేతికి గరుకుగా బాగుంటుంది, అంతవరకు నిజం. పడ్డ దెబ్బని పీల్చుకోవడం దాని పని కాదు. మూడు నాలుగు వేలు పెట్టి కొనేవాళ్లు ఈ సంగతి తెలిసి కొంటే చాలు.

కార్బన్ ఫైబర్ పౌచ్ వేస్తే సిగ్నల్ తగ్గుతుందా?

నిజమైన కార్బన్ ఫైబర్ అయితే తగ్గే అవకాశం ఉంది, అది కరెంటుని ప్రవహింపజేస్తుంది, యాంటెన్నాకి అడ్డం వస్తుంది. అరామిడ్‌కి ఆ ఇబ్బంది లేదు, చూపుకి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. రెండు వందలకి కార్బన్ ఫైబర్ అని ఇచ్చేది ఎలాగూ టీపీయూ మీద ఆ డిజైన్ అచ్చేసిందే కాబట్టి సిగ్నల్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. మెటల్ బంపర్లు, మెటల్ ప్లేట్ ఉన్న పౌచ్‌లు వద్దు.

ట్రాన్స్‌పరెంట్ పౌచ్ మూడు నాలుగు నెలలకే పసుపెక్కుతోంది, కడిగితే పోతుందా?

పోదు. మురికి అయితే పోతుంది, పసుపు పోదు. ఎండలోని అతినీల లోహిత కిరణాలు, వేడి, చేతి చెమట, నూనె కలిసి టీపీయూ అణువులనే మార్చేస్తాయి. రంగు పైన అంటుకున్నది కాదు, లోపలే మారిపోయింది. టూత్‌పేస్ట్, వంటసోడా, నిమ్మకాయ వీడియోలు చూసి గంటసేపు తోమితే పౌచ్ మెరుపు కూడా పోతుంది తప్ప ఏమీ ఒరగదు.

మన దగ్గర ఇది త్వరగా రావడానికి కారణం వేరే చెప్పాలా, ఎండ ఉంది, ఉక్కపోత ఉంది, చెమట ఎలాగూ ఉంది. కొన్ని రకాల టీపీయూ తేమకి, వేడికి కలిపి మెత్తబడి జిగురుగా కూడా తయారవుతుంది. బైక్ ట్యాంక్ కవర్లోనో కారు డాష్‌బోర్డు మీదో ఎండలో పెట్టే అలవాటుంటే ట్రాన్స్‌పరెంట్ వైపు వెళ్లకండి, నలుపో ముదురు నీలమో మ్యాట్‌ది తీసుకోండి. అది కూడా లోపల ముసలిదవుతుంది కానీ కంటికి కనపడదు. యాంటీ ఎల్లోయింగ్ అని రాసినవి ఆలస్యంగా పసుపెక్కుతాయి, అంతే. లేత రంగు పౌచ్‌లకి కొత్త జీన్స్ నీలం అంటుకోవడం ఇంకో బెడద.

మామూలు మురికి వదలాలంటే గిన్నెలు కడిగే సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పూర్తిగా ఆరాకే ఫోన్‌కి తొడగండి.

ఆర్కే బీచ్‌కి, రుషికొండకి తీసుకెళ్తే పల్చటి పౌచ్ చాలా?

నీళ్ల కంటే ముందు ఇసుక గురించి ఆలోచించండి. విశాఖ-భీమిలి తీరంలో ఇసుక మీద అక్కడక్కడ నల్లగా, ఎర్రగా చారలు కనిపిస్తాయి చూడండి, అవి ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాలు. గార్నెట్‌ని పరిశ్రమల్లో సానపట్టడానికి, గరుకు కాగితాల తయారీకి వాడతారు. మామూలు ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కూడా గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద 7 దగ్గర ఉంటుంది, ఫోన్ గ్లాస్ మీద గీతలు 6 దగ్గరే మొదలవుతాయి. అంటే మన బీచ్‌లో కాళ్లకి అంటుకుని వచ్చే ఆ రేణువులు ఫోన్ గ్లాస్ కంటే గట్టివి.

ఇప్పుడు ఆలోచించండి, పల్చటి పౌచ్ ఫోన్‌కి అతుక్కున్నట్టుగా ఉంటుంది, ఒక్క రేణువు మధ్యలో చేరినా జేబులో కదిలిన ప్రతిసారీ అక్కడే రుద్దుకుంటుంది. గీతలు పడకూడదని వేసిన పౌచ్ కిందే గీతలు పడేది ఇలాగే. ఫ్రేమ్ మీద రంగు లేచిపోవడం, కెమెరా చుట్టూ గుండ్రంగా గీత పడటం మీ ఫోన్‌కీ జరిగి ఉంటే అనుమానించాల్సింది దీన్నే.

అందుకని బీచ్ నుంచి వచ్చాక పౌచ్ విప్పి, రెండింటినీ మొదట ఊది లేదా మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే గుడ్డతో తుడవండి. ముందే గుడ్డ పెట్టి రుద్దితే మీరే ఉప్పుకాగితం పట్టినట్టు. బీచ్‌లో ఉండగా పౌచ్ తీసి తొడగడాలు పెట్టుకోవద్దు. మురీ మిక్చర్ తిన్న చేతుల సంగతి నేను చెప్పను, మీకే తెలుసు.

ఫోన్‌కి ఐపీ68 ఉంది కదా, అల తగిలినా ఏం కాదా?

ఐపీ రేటింగ్ అంటే దుమ్మునీ నీళ్లనీ ఫోన్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే అంకె, దాని పరీక్షలు మంచినీళ్లలో చేస్తారు, సముద్రపు నీళ్లలో కాదు. ఉప్పు నీరు చార్జింగ్ పోర్టులో ఎండిపోతే పిన్నులు తుప్పు పడతాయి. పల్చటి పౌచ్‌కి నీళ్లతో సంబంధమే లేదు, కింద పోర్టు మొత్తం తెరిచే ఉంటుంది. ఐపీ68 ఉన్న ఫోన్ ఉప్పు నీళ్లలో తడిస్తే పౌచ్ వెంటనే తీసేసి, మంచినీళ్లతో తేలిగ్గా కడిగి, తుడిచి, బాగా ఆరేదాకా చార్జింగ్ పెట్టకండి. ఆ రేటింగ్ లేని ఫోన్‌ని కడగొద్దు, ఆఫ్ చేసి సర్వీసుకి పట్టుకెళ్లండి. ఇంకో సంగతి, పౌచ్‌కీ ఫోన్‌కీ మధ్య చిక్కిన ఉప్పు నీరు త్వరగా ఆరదు, మెటల్ ఫ్రేమ్ మీద మరకలు వేస్తుంది.

పల్చటి పౌచ్ వేస్తే ఫోన్ వేడెక్కడం తగ్గుతుందా?

మందం పౌచ్‌తో పోలిస్తే తగ్గుతుంది, పౌచ్ లేకుండా ఉన్నంత మాత్రం కాదు. ప్లాస్టిక్, అరామిడ్ అన్నీ వేడిని ఆపే రకాలే, పొర పల్చనైన కొద్దీ ఆ అడ్డు తగ్గుతుంది. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని యాపిల్ చెప్తుంది, మే నెల మధ్యాహ్నం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆ 35 ఎప్పుడో దాటేసి ఉంటుంది. అప్పుడు ఫోన్ చేసే పనులు మీకు తెలిసినవే, స్క్రీన్ మసకబారుతుంది, ఫాస్ట్ చార్జింగ్ మెల్లగా అవుతుంది. పౌచ్ మార్చి దీన్ని ఆపలేం, ఎండలోంచి తీయడమే దారి. చార్జింగ్‌లో చెయ్యి కాలేంత వేడెక్కుతుంటే పౌచ్ తీసి పెట్టండి. దిండు కింద పెట్టి చార్జింగ్ చేసేవాళ్లకి ఏ పౌచ్ అయినా ఒకటే, ముందు దిండు తీయండి.

బైక్ మీద హోల్డర్‌లో పెడతాను, పల్చటిది ఓకేనా?

హోల్డర్ కొక్కేలు మూలల్ని గట్టిగా పట్టుకుంటాయి, 0.4 మి.మీ. పీపీ అయితే ఆ నాలుగు చోట్లా త్వరగా చీలిపోతుంది. డెలివరీ, రాపిడో నడిపేవాళ్లు రోజంతా పెట్టి తీస్తూ ఉంటారు, వాళ్లకి పల్చటిది నేను చెప్పను. ఇంకా పెద్ద సంగతి కెమెరాది. మోటార్‌సైకిల్ ఇంజిన్ల బలమైన వణుకు వల్ల కెమెరాలోని స్టెబిలైజేషన్ (చేయి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు), ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ చెప్పింది. ఈ వణుకుని పౌచ్ ఆపదు. వణుకుని తగ్గించే వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదంటే పాత ఫోన్ ఒకటి మ్యాప్స్‌కి పెట్టుకోండి.

వైర్‌లెస్ చార్జింగ్, మ్యాగ్‌సేఫ్ పనిచేస్తాయా?

వైర్‌లెస్ చార్జింగ్‌కి పల్చటి పౌచ్ ఇబ్బందే కాదు, రెండు మూడు మి.మీ. ఉన్నా చాలావరకు నడుస్తుంది. వెనక మెటల్ ప్లేటో, కారు హోల్డర్‌కి అతికించిన ఇనుప ముక్కో ఉంటే మాత్రం చార్జింగ్ ఆగిపోతుంది లేదా వేడెక్కుతుంది.

మ్యాగ్‌సేఫ్ వేరే కథ. 2020లో ఐఫోన్ 12తో వచ్చింది, ఫోన్ వెనక గుండ్రంగా అయస్కాంతాలుంటాయి, చార్జర్, పవర్‌బ్యాంక్ లాంటివి వాటికే అతుక్కుంటాయి. అయస్కాంతాలు లేని పౌచ్ 0.4 మి.మీ. ఉంటే ఫోన్ లోపలి అయస్కాంతమే బయటిదాన్ని పట్టుకుంటుంది, 1 మి.మీ. దాటితే పట్టు సడలి పవర్‌బ్యాంక్ జారిపోతుంటుంది. కాబట్టి మ్యాగ్‌సేఫ్ వాడేవాళ్లు అయితే బాగా పల్చటిది, లేదా అయస్కాంతాల రింగ్ ఉన్నది తీసుకోవాలి. గెలాక్సీ ఎస్25 లాంటి ఫోన్లలో లోపల అయస్కాంతాలు లేవు, పౌచ్‌లో ఉంటేనే అతుక్కుంటుంది. షాపులో దొరికే చౌక పౌచ్‌ల మీద కొన్నిసార్లు తెల్లటి రింగ్ బొమ్మ అచ్చేసి ఉంటుంది, అయస్కాంతం ఉండదు! ఒక తాళంచెవి ఆనించి చూడండి, ఇనుముదైతే అతుక్కోవాలి. ఇత్తడి తాళంచెవితో చూసి షాపతనితో గొడవ పెట్టుకోకండి.

నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది, అయస్కాంతం పౌచ్ కొనొచ్చా?

చొక్కా పై జేబులో ఫోన్ పెట్టుకునే అలవాటుంటే వద్దు. పేస్‌మేకర్, డీఫిబ్రిలేటర్ లాంటివి ఉన్నవాళ్లు ఐఫోన్‌నీ మ్యాగ్‌సేఫ్ సామాన్లనీ వాటికి 15 సెం.మీ. కంటే ఎక్కువ దూరంలో, వైర్‌లెస్ చార్జింగ్ జరుగుతుంటే 30 సెం.మీ. కంటే ఎక్కువ దూరంలో ఉంచాలని యాపిల్ చెప్తుంది. నాన్నగారి డాక్టర్‌ని ఒకసారి అడగండి, పౌచ్ మాత్రం అయస్కాంతం లేనిదే కొనండి.

పౌచ్ వేయగానే టెంపర్డ్ గ్లాస్ అంచు లేచిపోతోంది, ఎందుకు?

పౌచ్ పక్క అంచు లోపలికి నొక్కుతోంది, గ్లాస్ స్క్రీన్ చివరిదాకా ఉంది, రెండూ ఢీకొంటున్నాయి. గట్టి షెల్స్‌తో ఇది ఎక్కువ. అంచు నుంచి కాస్త లోపలికి ఉండే కేస్ ఫ్రెండ్లీ గ్లాస్ అడగండి, లేదా పౌచ్ తీసుకెళ్లి అక్కడే తొడిగి చూసి గ్లాస్ వేయించుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు టెంపర్డ్ గ్లాస్ 0.33 మి.మీ. ఉంటుంది. పల్చటి పౌచ్ గట్టు స్క్రీన్ కంటే 0.3 మి.మీ. మాత్రమే ఎత్తు ఉంటే, గ్లాస్ వేశాక ఆ గట్టు ఉన్నా లేనట్టే, బోర్లా పెడితే గ్లాసే నేలను తాకుతుంది. గ్లాస్ వేసుకునేవాళ్లు గట్టు కనీసం 0.8, 1 మి.మీ. ఉన్నది చూసుకోవాలి. కర్వ్‌డ్ స్క్రీన్ అయితే తలనొప్పి ఇంకా ఎక్కువ.

కెమెరా బుడిపె పౌచ్ కంటే పైకి ఉంటోంది, ఫోన్ టేబుల్ మీద ఊగుతోంది.

0.5 మి.మీ. పౌచ్‌లతో ఇది తప్పదు, కెమెరా చుట్టూ విడిగా గట్టు పెట్టినవే తీసుకోండి. గట్టు లేకపోతే టేబుల్‌కి తగిలేది లెన్స్ గ్లాసే. ఒక్కో లెన్స్ మీద అతికించే గాజు బిళ్లలు అమ్ముతారు, రాత్రి ఫొటోల్లో లైట్ల చుట్టూ వెలుగు చెదురుతుంది కాబట్టి నాకు నచ్చవు.

వెనక నీళ్ల మరకలాగా ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తున్నాయి, ఫోన్ పాడైందా?

లేదు. మెత్తటి ట్రాన్స్‌పరెంట్ పౌచ్ వెనక గ్లాస్‌కి అక్కడక్కడ అతుక్కుంటే అలా కనిపిస్తుంది. లోపలి వైపు సన్నటి చుక్కలు ఉన్న పౌచ్‌లకి రాదు.

నా మోడల్‌కి లేదు, పక్క మోడల్‌ది సరిపోతుందంటున్నారు?

మందం టీపీయూ అయితే లాగి తొడిగేస్తారు, పల్చటి గట్టి షెల్‌లో అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఊడిపోతుంది లేదా చీలుతుంది. నిజంగా సరిపోయే జంటలు కొన్ని ఉన్నాయి, ఐఫోన్ 12కీ 12 ప్రోకీ ఒకటే పౌచ్. కానీ రెడ్‌మీ నోట్ సిరీస్‌లో మామూలుది, ప్రో, ప్రో ప్లస్ చాలావరకు వేరు, ఒకే పేరుతో 4జీ, 5జీ వచ్చిన ఫోన్లలో కెమెరా రంధ్రాలు కూడా తరచుగా వేరుగా ఉంటాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి పూర్తి మోడల్ పేరు చూసుకుని షాపుకి వెళ్లండి. "ఏటండీ, అన్నీ ఒకటే, పడతాది" అన్న మాట వింటే ఫోన్ బయటికి తీసి అక్కడే తొడిగించండి.

వైజాగ్‌లో ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి?

జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు మొబైల్ షాపులు వరసగా ఉంటాయి, గాజువాక, ద్వారకానగర్‌లోనూ తక్కువేం లేవు. షాపులో ఉన్న లాభం తొడిగి చూసుకోవడం. బటన్లు గట్టిగా నొక్కాల్సి వస్తుందా, చార్జర్ పిన్ పూర్తిగా లోపలికి వెళ్తుందా, స్పీకర్ రంధ్రాలు మూసుకుపోతున్నాయా, అంచు చేతికి గుచ్చుకుంటుందా, ఇవన్నీ ఫొటో చూస్తే తెలియవు. నష్టం ఏంటంటే బాగా అమ్ముడయ్యే మోడల్స్‌కే పల్చటివి ఉంచుతారు, అరామిడ్ లాంటివి ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి.

ధర సంగతికొస్తే మామూలు టీపీయూ వంద, రెండొందలు, కాస్త పేరున్న కంపెనీ పల్చటివి ఐదొందల నుంచి వెయ్యి పైన, అరామిడ్ వెయ్యిన్నర నుంచి మొదలు. బేరం ఆడండి, బిల్లు కూడా అడగండి. తప్పు మోడల్ ఇచ్చి, మార్చమంటే మాట దాటేస్తుంటే ఆ బిల్లుతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, ఆ నంబరు చెప్తేనే చాలాసార్లు పని జరిగిపోతుంది.

పౌచ్ అసలు వద్దు, స్కిన్ వేయించుకుంటే?

స్కిన్ అంటే వినైల్ స్టిక్కర్, గీతల వరకు బాగా పనిచేస్తుంది, కాస్త పట్టు కూడా ఇస్తుంది. చాలా షాపుల్లో మెషిన్ పెట్టి మోడల్‌కి తగ్గట్టు అక్కడే కోసి అతికిస్తారు. 0.35 మి.మీ. పౌచ్‌తో పోలిస్తే పడినప్పుడు పెద్ద తేడా ఉండదు, పైగా ఇసుక చేరే సందే ఉండదు. నిజం చెప్పాలంటే అంత పల్చటి పీపీ కొనేకంటే స్కిన్ నయం, దాని కంటే పైకి వెళ్లాలనుకుంటే నేరుగా 0.8, 1 మి.మీ. దగ్గరికి వెళ్లండి.

పల్చటి పౌచ్ ఎవరు కొనకూడదు?

ఇంట్లో చిన్నపిల్లలు ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్లు. స్టీల్‌ప్లాంట్, పోర్టు, ఫిషింగ్ హార్బర్, సైట్ పనుల్లో ఉండి గ్లవ్స్ తీసి వేసి ఫోన్ ఎత్తేవాళ్లు. 900కె బస్సులో ఒక చేత్తో రాడ్ పట్టుకుని ఇంకో చేత్తో భీమిలి దాకా రీల్స్ చూసేవాళ్లు, మరీ ముఖ్యంగా వీళ్లు. 220 గ్రాములు దాటిన పెద్ద ఫోన్ ఉన్నవాళ్లు కూడా ఆలోచించాలి, బరువు పెరిగిన కొద్దీ దెబ్బ పెరుగుతుంది.

ఆఫీసు టేబుల్, ఇల్లు, కారు, ఇంతే తిరిగేవాళ్లకి, ఫోన్ ఎప్పుడో గానీ జారవిడవని జాగ్రత్త మనుషులకి పల్చటిది హాయి. ఈఎంఐ ఇంకా కడుతున్న ఫోన్ అయితే మీరు ఏ రకం మనిషో ఇంట్లోవాళ్లని అడగండి, మనకి మనం ఎప్పుడూ జాగ్రత్తగానే కనిపిస్తాం.

ఎన్నాళ్లకి మార్చాలి?

మూల చీలినా, అంచు వదులై వేలితో లాగితే ఊడొస్తున్నా మార్చేయండి. పసుపెక్కడం ఒక్కటే కారణమైతే అది మీ ఇష్టం.

పౌచ్ వెనక ఐదొందల నోటు, బస్ పాస్, ఏటీఎం కార్డు పెట్టుకోవచ్చా? పేలుతుందని వాట్సాప్‌లో వచ్చింది.

ఒక్క నోటు పెడితే ఫోన్ పేలదు. నాలుగైదు కాగితాలు, రెండు కార్డులు కుక్కితే వేడి బయటికి పోవడం తగ్గుతుంది, అది మంచిది కాదు. పల్చటి పౌచ్‌కి వేరే ఇబ్బంది ఉంది, ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., మీ పౌచ్ కంటే ఎక్కువ! గట్టి షెల్ అయితే మూలల దగ్గర తెరుచుకుని ఫోన్ జారిపోతుంది, టీపీయూ అయితే సాగిపోయి కార్డు తీసేశాక కూడా వదులుగానే ఉండిపోతుంది. వైర్‌లెస్ చార్జింగ్ పెట్టేటప్పుడు, మ్యాగ్‌సేఫ్ తగిలించేటప్పుడు మధ్యలో కార్డు అస్సలు ఉండకూడదు, మ్యాగ్నెటిక్ స్ట్రిప్ పాడవొచ్చు. ఎమర్జెన్సీకని మడత పెట్టకుండా ఒక నోటు పెట్టుకుంటే ఫర్వాలేదు, వైర్‌లెస్ చార్జర్ మీద పెట్టే ముందు దాన్ని కూడా తీసేయండి.